పెరటి తోటలో ఆకు తినెడి పురుగులు - పంచాయతీ చేయదగిన పని

తొలకరి పడిన కొలది వారములలో సీతంపేట కొండల నడుమనున్న సవర, జాతాపు గూడెములందు ఇంటి వెనుక పెరడు పచ్చబడును. ఆనప, గుమ్మడి తీగలు దడి మీదికి ప్రాకును. వంగ, బెండ, గోంగూర, చిక్కుడు మడులలో నిలుచును. ఒక మూల మునగ, మరియొక మూల నిమ్మయో కరివేపయో ఉండును. ఆ పెరడు ఇంటిల్లిపాదికి కూర పెట్టును. మిగిలిన కాయ వారపు సంతకు పోయి ఉప్పును, నూనెను తెచ్చును. అట్టి మడిలో ఒక ఉదయమున ఆకులన్నియు జల్లెడవలె తూట్లుపడి కనిపించినచో ఆ ఇల్లాలికి కలిగిన నష్టము ఏ దస్త్రములోను చేరదు. పొలమునకు తెగులు వచ్చినచో అడుగువారు కలరు, పెరటికి వచ్చినచో అడుగువారు అరుదు. అందుచేతనే ఈ విషయమును పంచాయతీ సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

ఆకు తినెడి పురుగులలో పెక్కింటి తల్లులు రెక్కలు గలవి. వానికి దడి అడ్డు కాదు. ఒక పెరటిలో విడిచిన గ్రుడ్లు పదిదినములలో వీధి అంతటికి బెడద యగును. ఒకరు శ్రద్ధగా ఏరి, ప్రక్కవారు ఊరకున్నచో ఏరినవారి శ్రమ వ్యర్థము. కావున ఇది ఒక యింటి పని కాదు. రెండవ సంగతి కాలమునకు సంబంధించినది. ఆకు పాడైన పిదప మందుకై అంగడికి పరుగెత్తుట కంటె, పురుగు చిన్నదిగా నున్నప్పుడు ఆకు తిరుగవేసి చూచుట మేలు.

పొగాకు లద్దెపురుగును చూడుడు. పేరున పొగాకు ఉన్నను, అది వంగ, చిక్కుడు, ఆముదము, కంద మొదలగు అనేక మొక్కలను తినును. దాని తల్లి రాత్రివేళ ఆకు అడుగున రెండు మూడు వందల గ్రుడ్లను ఒకే ముద్దగా పెట్టి, పైన గోధుమవన్నె నూగు కప్పును. మూడు నుండి ఐదు దినములలో గ్రుడ్లు పగులును. పిల్లపురుగులు కొన్ని దినములు విడిపోక, ఆ ఒక్క ఆకునే గుంపుగా గీకి తినును. ఆకు పచ్చదనము పోయి పలుచని కాగితమువలె తెల్లబారును. ఈ తెల్లని ఆకే మనకు అందిన సూచన. ఆ దినమున ఆ ఒక్క ఆకును త్రుంచి సబ్బునీటిలో ముంచినచో వందల పురుగులు ఒక్కసారి పోవును. ఒక వారము ఉపేక్షించినచో అవి పెరడంతయు చెదరి, పగలు మట్టిలో దాగి, రాత్రి బయలుదేరి తినసాగును. అప్పుడు ఏరుటయు కష్టము, మందునకు లొంగుటయు కష్టము. మడి చుట్టును పది ఆముదపు మొక్కలు నాటినచో తల్లిపురుగు మిక్కిలిగా వానిపైననే గ్రుడ్లు పెట్టును. వెదకవలసిన చోటు తగ్గును.

వంగమొక్కపై అక్షింతల పురుగు విషయమున కొంత జాగ్రత్త అవసరము. ఈ పేరుతో పిలువబడు పురుగులలో మనకు మిత్రులును గలవు, శత్రువులును గలవు. మిత్రులు పేనుబంకను తిని మొక్కను రక్షించును. వాని వీపు నూనె రాసినట్లు మెరయును. శత్రువు వీపు మెరయదు. దానిపై సన్నని నూగు ఉండును; పండ్రెండో ఇరువది యెనిమిదో నల్లచుక్కలుండును. దాని పిల్ల పసుపు వన్నెతో, ఒళ్ళంతయు కొమ్మలు చీలిన ముండ్లతో నుండి, ఆకు పచ్చదనమును గీకి ఈనెలను మిగుల్చును. రెండును పసుపు గ్రుడ్లనే గుంపుగా పెట్టును గనుక గ్రుడ్లను మాత్రము చూచి నిర్ణయింపరాదు. చుట్టును పేనుబంక ఉండి ఆకు గీకబడకున్నచో అవి మిత్రుని గ్రుడ్లు కావచ్చును, విడిచిపెట్టవలెను. కనబడిన ప్రతి పురుగును నలుపువాడు తన కావలివానినే చంపుకొనుచున్నాడని గ్రామసభలో ఒకమారు చెప్పిన చాలును.

గుమ్మడి, ఆనప, బీర పాదులకు ఎర్రని పెంకుపురుగు పట్టును. అది రెండాకుల మొలకనే తూట్లు పొడుచును. పిల్లలు మట్టిలో నుండి వేళ్ళను కొరుకును. ఎండ ఎక్కిన పిదప చేయి చాపగనే ఎగిరిపోవును గాని, తెల్లవారుజామున మందముగా నుండును. ఆ వేళ చేతితో దులిపి నీటిలో వేయవచ్చును. మంచు తడి యుండగనే జల్లించిన బూడిదను మొలకలపై చల్లు ఆచారము మన పెద్దలది. అది నేటికిని పనికివచ్చును. కాపు ముగిసిన పాదును త్రవ్వి ఎండబెట్టినచో మట్టిలోని పిల్లలు నశించును.

నిమ్మ, కరివేప, మారేడు చెట్ల లేతాకుపై పక్షి రెట్టవలె అంటుకొనియుండునది రెట్ట కాదు, సీతాకోకచిలుక పిల్ల. పెరిగి ఆకుపచ్చగా మారిన పిదప తాకినచో తలపై నారింజవన్నె కొమ్ములు చాచి ఘాటైన వాసన విడుచును. భయపడనక్కరలేదు. లేతమొక్కపై నున్నవానిని తీసివేయవలెను. పెద్దచెట్టుపై రెండు మూడున్నచో ఉండనిచ్చినను నష్టములేదు. మునగ గొంగళి మాత్రము అట్లు కాదు. అది పగలు మ్రాను మీద గుంపుగా కూడును. దాని నూగు ఒంటికి తగిలినచో దురద పుట్టును. పిల్లలను దూరముగా నుంచి, పొడవాటి కర్రకు గుడ్డ చుట్టి సబ్బునీట తడిపి గుంపును తుడిచివేయవలెను.

మొక్కజొన్న వేసిన పెరళ్ళలో కత్తెర పురుగు సంగతి వేరు. అమెరికా ఖండములకు చెందిన ఈ పురుగు మన దేశమున 2018లో మొదటిసారి కర్ణాటకమున కనిపించి, ఆ యేడే ఆంధ్రదేశమునకు వచ్చెను. తలపై తిరుగవేసిన ‘వై’ ఆకారపు గీతయు, తోక సమీపమున చతురస్రముగా నాలుగు నల్లచుక్కలును గుర్తులు. సుడిలో దాగి తినును గనుక వారమునకు రెండుమారులు సుడిని విప్పి చూడవలెను.

ఇక విషపు మందుల మాట. 1950, 60 ప్రాంతములలో పెరటి కూరలపై సైతము డి.డి.టి., బి.హెచ్.సి. పొడులు చల్లుడని చెప్పెడివారు. ఆ కాలపు జ్ఞానము అంతవరకే యుండెను. 1989లో వ్యవసాయమున డి.డి.టి.ని, 1997లో బి.హెచ్.సి.ని భారత ప్రభుత్వము నిషేధించెను. కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడరాదని 2005లో ఆజ్ఞ వెలువడెను. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపివేసెను. అనుమతి గల మందునకైనను, చల్లిన పిదప ఇన్ని దినములు కోయరాదను గడువు ఉండును. గోంగూర నేడు గిల్లుదురు, రేపు మరల గిల్లుదురు. గడువు పాటించుట ఎట్లు సాధ్యము? ఆ పెరటిలోనే కోళ్ళు తిరుగును, పిల్లలు ఆడుదురు. కొండమీద మందుడబ్బా కడిగిన గెడ్డనీరే క్రింది గూడెమునకు త్రాగునీరు. ఆకుకూరల మడికి విషము అక్కరలేదని ఈ రచయిత నిశ్చితాభిప్రాయము.

ఇందుకు మారుగా వేపగింజ కషాయము కలదు. 1962లో ఢిల్లీపై మిడుతల దండు వచ్చినప్పుడు, అచ్చటి భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు వేపగింజ నీటిని పైరుపై చల్లి చూచిరి. మిడుతలు వ్రాలినవి గాని ఆకు ముట్టలేదు. వేప పని అట్టిది: పురుగును వెంటనే పడగొట్టదు, తినకుండ జేయును, ఎదుగకుండ జేయును. చల్లిన మరునాడు పురుగు బ్రదికియున్నదని నిరాశ పడరాదు.

పెరటికి కావలసిన కొలత ఇది. ఎండిన వేపగింజల పైపెంకు తీసి, పప్పు అర కిలో దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, పది లీటర్ల నీటిలో రాత్రియంతయు నానవేయవలెను. ఉదయము మూటను పలుమారులు పిండి, ఇరువది గ్రాముల సబ్బుపొడి కలిపి వడగట్టవలెను. ఎండకు దీని గుణము తగ్గును గనుక సాయంకాలము, ఆకు అడుగు తడియునట్లు చల్లవలెను. వారము పదిదినములకు మరల చల్లవలెను. ప్రకృతి వ్యవసాయ కార్యకర్తలు నేర్పు నీమాస్త్రమును వేపాకుతో చేయుదురు, అదియు మంచిదే. కాని ఆకు కంటె గింజలో బలమెక్కువ. వేప అరుదుగా నున్న గూడెములలో కానుగ గింజను వాడవచ్చును. చెట్టునుండి వచ్చినదెల్ల నిరపాయకరమని మాత్రము తలపరాదు. సీతాఫలపు గింజల పొడి కంటబడినచో తీవ్రముగా బాధించును. ఉమ్మెత్త, పొగాకు కషాయములు మనుష్యులకును విషమే.

ఊరంతయు కలిసి నిలిచినచో ఏమగునో తెలుపుటకు పునుకుల నిదర్శనము. ఉమ్మడి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలములోని ఈ గ్రామమున ప్రత్తి, మిరప రైతులు పురుగుమందుల అప్పులలో మునిగియుండిరి. 1999 ప్రాంతమున స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో కొందరు మందు మాని, వేప కషాయము, ఎర పైరులు మొదలగు పద్ధతులు చేపట్టిరి. 2004 నాటికి గ్రామము పురుగుమందులు లేనిదని పంచాయతీయే ప్రకటించెను. కొందరు చేసిన పనిని ఊరి నియమముగా మార్చినది ఆ తీర్మానమే.

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో మొదటిది వ్యవసాయము, వ్యవసాయ విస్తరణ. కావున తొలకరికి ముందు గ్రామసభలో రెండు మూడు సంగతులు నిర్ణయించుట మంచిది. వారమునకొక దినమున, అన్ని గూడెములలో ఒకే ఉదయమున, ఇంటింట ఆకు తిరుగవేసి చూడవలెను. మందుడబ్బాలను, పిచికారీలను గెడ్డలో కడుగరాదు. పురుగు గుర్తుపట్టలేనిచో ఆకుతో సహా సీసాలో వేసి రైతు సేవా కేంద్రమునకు పంపవలెను. రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రమువారిని కూడ అడుగవచ్చును. ఈ మాటలను వృద్ధ స్త్రీలకు సవరలోనే చెప్పవలెను. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఆ భాష నేర్చి 1931లో వ్యాకరణము, 1938లో నిఘంటువు ప్రకటించిరి. మనము కనీసము పురుగుల పేర్లయినను ఆ భాషలో నేర్వవచ్చును గదా!

వేపపండ్లు జూన్, జూలై నెలలలో రాలును. వానకు తడిసి బూజుపట్టక మునుపే మహిళా సంఘములవారిచే ఏరించి, గుజ్జు కడిగించి, నీడన ఆరబెట్టించి, గాలి తగులు గోనెసంచులలో నింపించవలెను. ఎనిమిది నెలలు దాటిన గింజలో చేవ తగ్గును. ప్రతి సంచిపైన ఏరిన నెల వ్రాయించినచో పాతగింజ క్రొత్తగింజతో కలియకుండును.