గుండెలో పరాయి వస్తువు

మా సంఘములో ఒక సహోదరి ఉన్నది. చిన్నతనములో గొంతునొప్పి, ఆ వెనుక కీళ్ళవాత జ్వరము వచ్చి ఆమె గుండె కవాటము పాడైపోయింది. ఇద్దరు బిడ్డల తల్లి అయిన తరువాత బిందెడు నీళ్ళు మోస్తేనే ఆయాసము వచ్చేది. ఆపరేషను చేసి, చెడిపోయిన కవాటము తీసి, కృత్రిమ కవాటము అమర్చారు. కొన్ని నెలలకే ఆమె మళ్ళీ కలుపు తీయడానికి పొలము వెళ్ళసాగింది.

అది చూచి, "బాగైపోయావు గదమ్మా, ఇంకా ఆ మాత్రలెందుకు?" అన్నవారున్నారు. వారిలో మేమూ ఒకరమని చెప్పుకొనుటకు సిగ్గుపడుతున్నాము. ఆమె మాత్రలు మానేసింది. నెల తిరుగక ముందే ఒక ఉదయము ఎడమ చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వచ్చింది. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయినందువలన చెయ్యి చాలావరకు స్వాధీనమైంది. "కవాటము చెడలేదు. మాత్ర ఆపడమే తప్పు" అన్నారు డాక్టరుగారు.

అప్పటినుండి ఆ చిన్న వస్తువును గూర్చి అడిగి, చదివి తెలిసికొన్నాము.

దేహము ఊరుకోదు

కాలిలో ముల్లు విరిగితే ఏమౌతుంది? చుట్టూ వాచి, చీము పట్టి, దేహము దానిని బయటికి నెట్టజూస్తుంది. పరాయి వస్తువు తగిలితే గడ్డకట్టుట రక్తము యొక్క గుణము. గుండెలో పెట్టే వస్తువు విషము కారాదు, తుప్పు పట్టరాదు, అరిగిపోరాదు, రక్తకణములను నలుగగొట్టరాదు. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకొంటుంది. ఏడాదికి మూడున్నర కోట్లకు పైగా తెరచి మూసికొన్నా కవాటము ఓర్చుకోవాలి. అటువంటి పదార్థము దొరకుట సులభము కాదు.

నీలము ఓడింది, ప్లాస్టిక్కు నిలిచింది

మా సహోదరికి అమర్చినది చిత్ర కవాటము. కేరళలో తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో ఇది తయారైంది. విదేశీ కవాటముల ధర పేదలకు అందదు. కీళ్ళవాత జ్వరము ఎక్కువగా పట్టేది పేద ఇండ్ల పిల్లలనే. అందుచేత గుండె శస్త్రవైద్యుడు డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్, ఇంజనీరు జి.ఎస్. భువనేశ్వర్, వారి తోటివారు 1970ల చివరలో ఈ పనికి పూనుకొన్నారు.

మొదటి నమూనాలో టైటానియము లోహపు అతుకు పరీక్షలో విరిగింది. రెండవదానిలో నీలమణి జాతి గట్టి స్ఫటికముతో చేసిన బిళ్ళ పెట్టారు. అది లోహమును అరగదీసింది. మూడవసారి లోహము మార్చారు. ఈసారి ఒక గొర్రె గుండెలో ఆ బిళ్ళే పగిలింది. మూడుసార్లూ ఓటమిని ఒప్పుకొని మొదటికి వచ్చారు.

నాలుగవసారి నిలిచినది మణి కాదు, పాలిథీన్ జాతికి చెందిన మిక్కిలి గట్టి ప్లాస్టిక్కు బిళ్ళ. తుంటి కీలు మార్చేటప్పుడు వాడే ప్లాస్టిక్కు కూడా ఈ రకమే. దానికి కోబాల్టు మిశ్రలోహపు చట్రము, చుట్టూ పాలిస్టరు గుడ్డ అంచు. ఆ గుడ్డనే గుండెకు కుట్టుతారు. క్రమేణ మన కండ దానిలోనికి పెరిగి పట్టుకొంటుంది. 1990 డిసెంబరు 6న మొదటిసారి ఒక రోగికి దీనిని అమర్చారు. తరువాత తయారీ టి.టి.కె. సంస్థకు అప్పగించారు. ఇప్పటికి లక్షమందికి పైగా దీనిని పొందారు. డాక్టర్ వలియత్తాన్ 2024లో కన్నుమూశారు.

మాత్ర ఎందుకు?

గుడ్డ అంచును దేహము కలుపుకొన్నా, లోహమును, బిళ్ళను రక్తము ఎన్నటికీ తనదిగా ఎంచదు. అక్కడ చిన్న గడ్డ కట్టి మెదడుకు కొట్టుకొని పోతే పక్షవాతము వస్తుంది. కవాటము కదలకుండా బిగుసుకొని పోవచ్చు కూడా. అందుకే రక్తము గడ్డకట్టకుండా చేసే మాత్ర జీవితాంతము వాడాలి. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావము. కాబట్టి డాక్టరు చెప్పిన గడువుకు ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేయించాలి.

ఇటువంటివారు ఇంట్లో ఉంటే ఈ సంగతులు మరువకండి. ఆకుకూరలు మానవద్దు, ఒకనాడు మితిమీరి, ఒకనాడు అసలే లేకుండా తినవద్దు. నొప్పి మాత్రలు, నాటుమందులు అడగకుండా వేసికోవద్దు. పన్ను తీయించుకొనే ముందు కవాటము సంగతి చెప్పాలి. బిడ్డను కనదలచిన స్త్రీ ముందుగానే డాక్టరును కలవాలి.

అన్నిటికంటె మేలు, కవాటము చెడకుండా చూచుకొనుట. పిల్లలకు జ్వరముతో గొంతునొప్పి వచ్చినా, కీళ్ళు వాచినా వెంటనే చూపించండి. కీళ్ళవాత జ్వరము ఒకసారి వచ్చిన పిల్లలకు సాధారణముగా మూడు నాలుగు వారములకొక పెన్సిలిన్ ఇంజెక్షను వ్రాస్తారు. దానిని ఏళ్ళ తరబడి తప్పక చేయించాలి.

మా సహోదరి ఇప్పుడు రాత్రి భోజనము కాగానే మాత్ర వేసికొంటున్నది. ఆదివారము కలిసినప్పుడు మేము మొదట అడిగేది ఒక్కటే: "మాత్ర తప్పలేదు గదమ్మా?"