గోదారి పోటుకు కాపు, భద్రాద్రికి నడకదారి

భద్రాచలంలో గోదావరి ఒడ్డున సాగే కరకట్ట వరదను ఆపడానికి వేసిన గట్టు. అది మరీ పాతదేమీ కాదు గానీ, ఊరికి నది కనిపించే అరుగు ఇప్పుడు అదే. పొద్దున నడిచేవాళ్లు, సాయంత్రం దర్శనం చేసుకుని గాలికి కూర్చునే యాత్రికులు, కార్తీకంలో దీపాలు వదిలేవాళ్లు అందరూ ఆ కట్ట ఎక్కి దిగాల్సిందే.

కట్ట కన్నా ఇక్కడి పడవల రేవు చాలా పాతది. పదిహేడో శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న భద్రగిరి గుట్టపై ఆలయం కట్టించాడు. శిఖరం మీది సుదర్శన చక్రం గోదావరి నీళ్లలోనే దొరికిందని స్థలపురాణం చెబుతుంది. 1860లో భద్రాచలం తాలూకా నిజాం ఏలుబడి నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. వాళ్లు గోదావరిని సరుకు రవాణాకు దారిగా చూశారు. మధ్య పరగణాల పత్తిని నది మీదుగా సముద్రానికి చేర్చాలన్నది ఆర్థర్ కాటన్ ఆశ. అందుకోసం భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో ఆనకట్ట, పడవల కాలువ, లాకులు కట్టించారు. ఖర్చు పెరిగిపోవడం, రైలుమార్గాలు రావడంతో 1871లో ఆ పథకాన్ని వదిలేశారు. ఆనకట్ట మాత్రం నేటికీ ఉంది.

వంతెన లేని రోజుల్లో ఖమ్మం వైపు నుంచి వచ్చే భక్తులు సారపాక ఒడ్డున దిగి పడవెక్కేవారు. రాజమండ్రి వైపు వాళ్లకు పాపికొండల మీదుగా లాంచీ దారి. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మారింది. 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇక్కడ గోదావరిపై వంతెనను ప్రారంభించారు. దాంతో రేవుకు దాటింపు పని తప్పిపోయి స్నానఘట్టం మిగిలింది. పుణ్యస్నానాలు, తలనీలాలు, పిండప్రదానాలు అక్కడే. ముక్కోటి ఏకాదశి ముందు రోజు సాయంత్రం రాములవారు హంసవాహనంపై ఊరేగే తెప్పోత్సవమూ ఆ ఘట్టం ఎదుటే జరుగుతుంది.

ప్రాణహిత, ఇంద్రావతి నీళ్లు ఎగువన కలిశాక గోదావరి ఇక్కడికి చేరుతుంది. దిగువన కూనవరం దగ్గర శబరి కూడా పొంగితే ఎదురుపోటు తగిలి నీరు వెనక్కి ఎక్కుతుంది. 1986 ఆగస్టు 16న నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. దాన్ని మించిన వరద ఆ తర్వాత రాలేదు. అప్పుడు ఊరు నీళ్లలో మునిగి, జనం ఎత్తు ప్రాంతాలకు తరలిపోయారు. 1990లో మళ్లీ 70 అడుగులు దాటింది. ఆ రెండు దెబ్బలతోనే కరకట్ట కావాలన్న డిమాండ్ బలపడి, చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో కట్ట లేచింది.

భద్రాచలం వాసులు వరదను అడుగుల్లోనే చెప్పుకుంటారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మొదటి హెచ్చరిక నాటికే ఘాట్ మెట్లు నీళ్లలో ఉంటాయి, కొబ్బరికాయలు, దీపాలు అమ్మే చిన్న దుకాణాలు పైకి సర్దుకోవాలి. వేసవిలో ఇదే నది మెట్లకు దూరంగా జరిగిపోతుంది. భక్తులు కాలే ఇసుకలో నడిచి వెళ్లి మునగాల్సి వస్తుంది.

2006 ఆగస్టులో 66 అడుగులు దాటిన వరదకు కట్ట నిలిచింది. 2022 జూలై 16న నీరు 71.3 అడుగులకు ఎక్కింది. వంతెనపై రాకపోకలు ఆపేశారు. కట్ట లేకుంటే ఊరి గతి ఏమయ్యేదో 1986 చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అంత మాత్రాన లోపల అంతా పొడిగా ఉందనుకుంటే పొరపాటు. నది పెరిగినప్పుడు నీరు వెనక్కి రాకుండా కట్టలోని తూముల గేట్లు దించుతారు. అప్పుడు ఊళ్లో కురిసిన వాన, మురుగు బయటికి పోయే దారి లేక పల్లపు కాలనీల్లో, రామాలయం చుట్టుపక్కల నిలుస్తాయి. వాటిని మోటార్లతో ఎత్తి నదిలో పోయాలి. కట్ట ఎత్తు గురించి జరిగినంత చర్చ ఈ తూముల గురించి, మోటార్ల గురించి జరగదు. వానాకాలంలో లోపలి ఇళ్లకు దిక్కు అవే.

2022 వరద తర్వాత అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు భద్రాచలం వచ్చి శాశ్వత రక్షణకు రూ.1,000 కోట్లు ప్రకటించారు. అయితే కట్ట సంగతి ఒక్క రాష్ట్రంతో తేలేది కాదు. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. ఆనుకుని ఉన్న ఎటపాక, ఆలయ భూములున్న పురుషోత్తపట్నం అటు పోయాయి. ఊరు దాటి దిగువకు అడుగు వేస్తే రాష్ట్రం మారుతుంది. పోలవరం నిండితే వెనుక జలాలు ఎంతవరకు ఎక్కుతాయన్న బెంగ కూడా ఇక్కడివాళ్లను వదల్లేదు. 2015 పుష్కరాలకు జనం లక్షల్లో తరలివచ్చారు. మళ్లీ పుష్కరాలు 2027లో. అప్పటికి ఘాట్లతో పాటు తూములూ బాగుపడాలి.