కరక్కాయ వగరు చేసే పని

శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు బట్టను ముందుగా కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి, ఆ ద్రావణంలో వెదురు కలం ముంచి ఆ బట్ట మీద గీస్తే, గీసిన చోటల్లా నల్లబడుతుంది. కరక్కాయలో సమృద్ధిగా ఉండే టానిన్లు ఇనుమును గట్టిగా పట్టుకోవడం వల్ల పుట్టే నలుపు అది. దగ్గు వస్తే బుగ్గన పెట్టుకున్న ముక్క నాలుకను బిగదీయడానికీ ఈ టానిన్లే కారణం. లాలాజలంలోని ప్రోటీన్లను అవి పట్టేస్తాయి. ఇలా పట్టేసే గుణమే కరక్కాయ ఔషధబలానికి ఒక ముఖ్యమైన ఆధారం. దాని హద్దులు కూడా అక్కడే ఉన్నాయి.

మన కణాలు ఆక్సిజన్‌ను వాడుకునేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతుంటుంది. బంధంలో లేని ఇనుము దానికి తగిలితే, కణపొరలనూ డీఎన్‌ఏనూ దెబ్బతీసే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. పరీక్షనాళికలో కరక్కాయ సారం ఈ నష్టాన్ని రెండు విధాలుగా ఆపుతుంది. ఇనుమును బంధిస్తుంది, పుట్టిన రాడికల్‌కు తన ఎలక్ట్రాన్‌ను ఇచ్చి శాంతింపజేస్తుంది. వాపు విషయంలోనూ ఆధారం ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పల్లు రెడ్డన్న బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో, ఈ కాయలోని చెబులాజిక్ ఆమ్లం కాక్స్, లాక్స్ అనే రెండు రకాల ఎంజైములనూ అడ్డుకుంటుందని తేలింది. వాపును రగిలించే రసాయనాలను తయారుచేసేవి ఈ ఎంజైములే. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు పనిచేసేది కూడా కాక్స్ మీదే.

అయితే గాజునాళికలో జరిగింది ఒంట్లోనూ జరుగుతుందా? ఈ సందేహం న్యాయమైనదే. టానిన్లు పెద్ద అణువులు, పేగు గోడను దాటి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. కానీ పేగుల్లోని బాక్టీరియా వాటిలో కొన్నింటిని విరగ్గొట్టి యూరోలిథిన్లు అనే చిన్న అణువులుగా మారుస్తుంది, అవి రక్తంలో కలుస్తాయి. ఆ బాక్టీరియా అందరిలో ఒకేలా ఉండదు కాబట్టి ఫలితమూ ఒకేలా ఉండదు. ఇలా రాడికల్‌ను శాంతింపజేసే యాంటీ ఆక్సిడెంట్ ఏదైనా మేలే చేస్తుందనుకోవడమూ పొరపాటే. ఫిన్లాండ్‌లో పొగతాగేవారికి బీటా కెరోటిన్ మాత్రలిచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో వెల్లడైంది. అందుకే మనుషులపై పరీక్ష తప్పనిసరి. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు టైప్ 2 మధుమేహులకు 12 వారాలు కరక్కాయ సారం ఇచ్చి, రక్తంలో వాపు సూచికలు తగ్గడం గమనించారు. ఆశ కలిగించే ఫలితమే, కానీ కొద్దిమందితో కొద్దికాలం చేసిన అధ్యయనం అది.

తరతరాలుగా వాడుతున్నదానికి మళ్లీ పరీక్షలెందుకని కొందరి వాదన. ఏ కాయను పరిశీలించాలో సంప్రదాయం చూపించింది, అది చిన్న మేలు కాదు. ఎంత మోతాదు, ఎవరికి, ఎన్నాళ్లు అన్నది మాత్రం కొలిచి తెలుసుకోవలసిందే. గర్భిణులకు కరక్కాయ వద్దని ఆయుర్వేదమే చెప్పింది. బట్ట మీద ఇనుమును పట్టేసిన టానిన్ కడుపులోనూ దాన్ని వదలదు. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడుతున్నవారు వాటితోపాటు కరక్కాయ తీసుకోకండి, మీ వైద్యుణ్ని అడిగాకే వాడండి.