వినోదనగరిలో పాలులేని భోజనము

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రమందు ఆర్లాండో నగరమునకు చేరువనున్న వాల్ట్ డిస్నీ వరల్డు అను వినోదనగరిలో, జూలై మాసపు మిట్టమధ్యాహ్నమున, ఒడలెల్ల చెమటతో తడిసి, నడచి నడచి కాళ్లు బరువెక్కిన వేళ, మా కుటుంబమువారమెల్లరము అలోహా ఐల్ అను చిన్న దుకాణము ముందర వరుసలో నిలిచియుంటిమి. అచట అమ్మునది డోల్ విప్ అను అనాసపండు రుచిగల చల్లని పదార్థము. చూపునకు అచ్చముగా ఐస్‌క్రీమే. నా మేనకోడలు, పదునారేండ్ల పిల్ల, మాంసమును గ్రుడ్డును మాత్రమేగాక పాలు, పెరుగు, నెయ్యి, తేనెలను సైతము విడిచి అప్పటికి రెండేండ్లయినది. మా అమ్మకు ఆ పిల్ల ఆకలిని గూర్చిన దిగులే కాని, చుట్టునున్న వింతలమీద దృష్టియే లేదు.

“ఐస్‌క్రీములో పాలుంటాయి కదే తల్లీ, నువ్వు తినవు కదా?” అని అమ్మ అడిగెను.

“ఇందులో ఉండవు అమ్మమ్మా! ఉత్త అనాసపండుదే ఇమ్మని అడగాలి. వెనిలాతో కలిపి ఇచ్చేదానిలో మాత్రం పాలుంటాయి” అని ఆ పిల్ల చెప్పి, కిటికీవద్ద నున్న కుర్రవానిని ఆ మాటయే స్పష్టముగా అడిగినది. ఆతడు విసుగుకొనలేదు, ఏది పాలు కలిసినదో, ఏది కలియనిదో రెండు ముక్కలలో చెప్పి, పసుపుపచ్చని గిన్నె నొకదానిని చేతికందించెను. అమ్మ ఆ గిన్నెవంకయు, మనుమరాలి ముఖమువంకయు మార్చి మార్చి చూచి, అప్పటికి గాని నిట్టూర్పు విడువలేదు. పరదేశమున, అందులోను వేలకొలది జనులు సంచరించు వినోదస్థలమున, ఇట్టి ఆహారనియమము గలవారికి కడుపు నిండుటకు రెండే ఆధారములని నాకు ఆ క్షణమున తోచినది: తినువానికి సరిగా అడుగుట తెలియవలెను, పెట్టువానికి సరిగా చెప్పుట తెలియవలెను.

ఈ రెండింటిలో మొదటిది మనవారికి అనుకొన్నంత సులభము కాదు. ఏలయనగా మన భాషలో శాకాహారమను మాటకు పాలు, పెరుగు, వెన్న, నెయ్యి సహజాంగములు. నేతిచుక్క పడని పప్పన్నము మనకు వెలితిగా తోచును. పెరుగన్నముతో గాని భోజనము ముగిసినట్లు కాదు. మన దేశమున పొట్లములమీద ముద్రించు ఆకుపచ్చని చుక్క సైతము మాంసమును గ్రుడ్డును లేవని చెప్పునే కాని పాలు లేవని చెప్పదు. వీగన్ అను మాట దీనికి భిన్నమైనది. 1944లో ఇంగ్లండునందు డొనాల్డ్ వాట్సన్ మొదలగువారు, పాలను గ్రుడ్లను కూడ విడిచిన శాకాహారులకు వేరొక పేరు ఉండవలెనని తలచి ఈ పదమును కల్పించి, వీగన్ సొసైటీని స్థాపించిరి. జంతువునుండి వచ్చిన ఏ పదార్థమును ముట్టరాదనుట వారి నియమము. ఈ భేదమును మనసున నిలుపుకొనక, విదేశపు హోటలులో “మేము వెజిటేరియన్లము” అని మాత్రమే చెప్పినవారికి, జున్ను కప్పిన పిజ్జాయో, వెన్న రాచిన రొట్టెయో వచ్చినచో ఆ తప్పు వడ్డించినవానిది కాదు.

ఇక రెండవదియగు చెప్పుట ఈ వినోదనగరిలో ఎట్లున్నదో చూతము. 1971 అక్టోబరు 1న తెరువబడిన ఈ స్థలము సుమారు 40 చదరపు మైళ్ల వైశాల్యము కలది. మేజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, ఏనిమల్ కింగ్‌డమ్ అను నాలుగు మహోద్యానములును, అనేకములైన వసతిగృహములును ఇందు కలవు. ఇంతటి నగరిలో వంటశాల లెన్నియో, వంటకము లెన్నియో! పూర్వము వీగన్ యాత్రికుడు ప్రతి బల్లవద్దను ప్రశ్నలు వేసి, ప్రతి వంటవానిని పిలిపించి, సంశయములు తీర్చుకొనవలసి యుండెను. 2019 అక్టోబరులో ఈ సంస్థవారు నాలుగువందలకు పైగా వంటకములను గుర్తించి, మెనూలలో వాటి పేర్ల ప్రక్క చిన్న ఆకు గుర్తు నుంచిరి. ఆ గుర్తునకు వారిచ్చిన అర్థము నిర్దిష్టమైనది: మాంసము, పాల పదార్థములు, గ్రుడ్లు, తేనె, ఈ నాలుగును అందు ఉండవు. ఫోనులోని వారి యాప్‌లో ఈ మెనూలన్నియు ముందుగానే చదువుకొనవచ్చును. పెక్కుచోట్ల నడుచుచునే వంటకమును ఎన్నుకొని, సొమ్ము చెల్లించి, వేళకు పోయి తెచ్చుకొనవచ్చును.

ఆకు గుర్తును వెదకువారికి ఇక్కడ తినదగినవి తక్కువ కావు. ఏనిమల్ కింగ్‌డమ్‌లో 2017లో వెలసిన పాండోరా ప్రాంతమున సతూలీ క్యాంటీన్ అను భోజనశాల కలదు. అందు అన్నముపైగాని నూడుల్స్‌పైగాని కూరగాయలు, పులుసువంటి సాసు, కారము పట్టించి వేయించిన టోఫు ముక్కలు వేసి గిన్నెలలో ఇత్తురు. టోఫు యనగా సోయాపాలను విరుగగొట్టి చేసిన ముద్ద. మన పన్నీరును పోలియుండును గాని అందు ఆవుపాల చుక్కయైన ఉండదు. మన నాలుకకు ఆ గిన్నె పరాయిగా తోచదు. అన్నము, కారము, కరకరలాడు ముక్క, ఈ మూడును ఉన్నచోట తెలుగువాడు సర్దుకొనగలడు.

ఎప్‌కాట్‌లోని ల్యాండ్ అను మందిరమున పడవనెక్కి, గాజు పైకప్పుల తోటలగుండ పోవునట్టి ఒక విహారము కలదు. మట్టితో పనిలేక పోషకజలముతోనే పెరుగు టమాటాలు, వంకాయలు, తీగలనుండి వ్రేలాడు గుమ్మడి జాతులు ఇరుప్రక్కల కానవచ్చును; ఇక్కడి పంటలో కొంత ఆ నగరి వంటశాలలకే పోవును. పడవలో మా అమ్మ కన్నులు తొలిసారిగా విప్పారినవి. వినోదయంత్రములు ఎన్ని చూపినను పలుకని మనిషి, నిగనిగలాడు వంకాయలను చూచి, “గుత్తివంకాయకి లేతగా బాగున్నాయి” అనెను. అదే ఎప్‌కాట్‌లో సరస్సు చుట్టును పదునొకండు దేశముల మందిరములు వరుసగా నున్నవి. ఒక్కొక్క దేశపు వంట ఒక్కొక్క రీతిది గనుక, ఒకచోట దొరకనిది వేరొకచోట దొరకును.

మన దేశపు రుచి కావలెనన్నవారు ఏనిమల్ కింగ్‌డమ్ లాడ్జి అను వసతిగృహమునందలి సనా భోజనశాలకు పోవుచుందురు. ఆఫ్రికా వంటయు భారతదేశపు వంటయు అచట చేయికలిపినవి. కిటికీల ఆవల జిరాఫీలు, జీబ్రాలు మేయుచుండగా నాన్‌లను పలువిధములైన చట్నీలతో తినవచ్చును. అయితే ఇక్కడనే మనవారు మిక్కిలి జాగరూకత వహింపవలెను. నాన్ పిండిలో పెరుగో పాలో కలుపుట సామాన్యము. రైతా పెరుగే గదా! కన్నులకు పరిచితముగా నున్నది కావున తినదగినదే యను భ్రమ, పరాయి వంటకమువద్దకంటె మన వంటకమువద్దనే మనలను ఎక్కువగా పట్టును.

ఆకు గుర్తు లేని చోటులును, విమానాశ్రయములును, దారిలోని ఫలహారశాలలును ఉండనే యున్నవి. అట్టిచోట కంటికి కనబడని పదార్థములను గూర్చి తెలిసియుండుట ముఖ్యము. అన్నమును నీటికి బదులు కోడి ఎసరులో ఉడికించుట అక్కడ వింత కాదు. మెక్సికో తరహా చిక్కుడుగింజల ముద్దలో పందికొవ్వు కలుపుట కలదు. కూరగాయల సూపనిన దానికి మూలము ఎముకలు కాచిన రసము కావచ్చును. సీజర్ సలాడు ఆకులేయైనను దానిపై పోయు సాసులో చేప యుండును. పిల్లలు మక్కువపడు మార్ష్‌మెల్లోలలోను, పెక్కు జిగురు మిఠాయిలలోను జెలటిన్ ఉండును. అది జంతువుల చర్మమునుండియు ఎముకలనుండియు తీసిన పదార్థము. కాఫీలో కలుపు కొన్ని పొడులపై పాలు లేవని వ్రాసియుండినను, వెనుక ప్రక్క సన్నని అక్షరములలో కేసినేట్ అను పేరుతో పాలలోని మాంసకృత్తు దాగియుండును.

బంగాళాదుంప వేపుళ్ల కథ అమెరికాలోని భారతీయులలో పెద్దవారికి జ్ఞాపకముండును. నూనెలో వేయించినవి గదా యని మనవారెందరో నిశ్చింతగా తినుచుండగా, మెక్‌డొనాల్డ్స్ సంస్థవారి వేపుళ్లలో గొడ్డుమాంసపు సారము రుచికై కలిసియున్నదని తెలిసి, 2001లో సియాటిల్ నగరమున వ్యాజ్యము వేయబడినది. 2002లో ఆ సంస్థ క్షమాపణ చెప్పి, శాకాహార సంఘములకును, హిందూ సంస్థలకును, ఇతరులకును 1 కోటి డాలర్లు ఇచ్చుటకు సమ్మతించినది. ఒక చిన్న మాట చెప్పకపోవుట ఎందరి మనసులను నొప్పించునో ఆ కథ తెలుపుచున్నది. అందుచేతనే వేపుళ్లవద్ద రెండు ప్రశ్నలు అడుగవలెను: ఇందు ఏమి కలిసినది, ఇదే నూనెలో మాంసమును వేయింతురా? మొదటి ప్రశ్నకు ఆకు గుర్తు సమాధానము చెప్పును, రెండవదానికి చెప్పదు. వేరు నూనె, వేరు పెనము కావలెనని పట్టుదల గలవారు ఆ మాటను ప్రత్యేకముగా అడిగి తీరవలెను.

ఇక్కడ ఇంకొక సూక్ష్మమున్నది. అమెరికాలో 2004లో చేసిన చట్టముననుసరించి, పాలు, గ్రుడ్లు, చేపలు, గోధుమ, సోయా మొదలైన ముఖ్య ఎలర్జీ పదార్థములు పొట్లములలోని ఆహారమున ఉన్నచో, వాటి పేర్లను తెలియునట్లు ముద్రింపవలెను. 2023నుండి నువ్వులు కూడ ఆ పట్టికలో చేరి మొత్తము తొమ్మిదియైనవి. ఈ పట్టిక వీగన్‌కు ఎంతయో సాయపడును గాని పూర్తిగా కాపాడదు. తేనె గాని, కోడి ఎసరు గాని, సామాన్యమైన జెలటిన్ గాని అందు లేవు. కావున “పాలు పడవు” అని మాత్రమే చెప్పి ఊరకొనరాదు. ఎలర్జీ యని అబద్ధమాడుటయు తగదు. అట్లు చెప్పినచో వంటవారు పాత్రలన్నియు మార్చి శ్రమపడుదురు, నిజముగా ప్రాణాపాయమున్నవారి మాటకు విలువ తగ్గును. మాంసము, చేప, పాలు, గ్రుడ్డు, తేనె, వీనిని వేళ్లు మడచి లెక్కించినట్లు ఒక్కొక్కటిగా పేర్కొని, ఇవి మా నియమమునకు సరిపడవని మర్యాదగా చెప్పినచో చాలును. కూర్చుండి తిను భోజనశాలలలో ముందుగా చోటు నిశ్చయించుకొనునప్పుడే ఈ మాట తెలిపి, వెళ్లిన పిమ్మట వడ్డించువారికి మరల చెప్పుట మంచిది. మెనూలు ఋతువుతోపాటు మారును గనుక, పోయిన ఏడు ఎవరో తిన్నదానిని నమ్ముకొని పోరాదు.

ఇన్ని చెప్పినను, ఆనాడు మా కడుపులను నిజముగా చల్లపరచినది వేరొకటి. ఈ ఉద్యానములలోనికి యాత్రికులు తమ భోజనమును తాము తెచ్చుకొనవచ్చును. గాజు పాత్రలు, మద్యము కూడవు, వేడిచేయ నక్కరలేనివై యుండవలెను. ఈ సంగతి ఎరుగక మనవారెందరో ఆకలితో తిరుగుట కలదు. మేము దిగిన అద్దె ఇంటిలో అమ్మ తెల్లవారుజామున లేచి, చింతపండు పులుసు పిసికి, నువ్వులనూనెలో ఆవాలు, సెనగపప్పు, వేరుసెనగలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేయించి పులిహోర కలిపినది. ఇంటివద్దనైతే పైన చెంచాడు నెయ్యి వేయు చేయి, ఆనాడు నేతిసీసావరకు పోయి వెనుకకు వచ్చినది. చెట్టునీడ బల్లపై కూర్చుండి ప్లాస్టిక్ డబ్బా మూత తీయగనే ఇంగువ వాసన గుప్పుమన్నది. దుకాణమువారు ఉచితముగా నిచ్చిన మంచునీళ్ల గ్లాసులతో దానిని అందరమును తింటిమి. మేనకోడలు మారు అడిగినది. “నెయ్యి వెయ్యలేదులే, భయపడకు” అని అమ్మ తానే ముందుగా చెప్పెను. ఆ ఒక్క మాటలో ఆ వినోదనగరివారి ఆకు గుర్తంతటి గౌరవమున్నది.

ఆ మాటను మన దేశమునకు వచ్చి తలచుకొనునప్పుడు నాకు కొంత సంతోషమును, కొంత విచారమును కలుగుచున్నది. మన వంటలో పాలు ముట్టనివి ఎన్నియో కలవు. ఇడ్లి, పెసరట్టు, పులిహోర, ఉలవచారు, గోంగూర పచ్చడి, కందిపొడి, సకినాలు, నువ్వుండలు, ఇవి ఎవరో కొత్తగా కనిపెట్టవలసినవి కావు. పాశ్చాత్యులు సోయాను విరుగగొట్టి, బఠాణీని నలుగగొట్టి సాధించుచున్నదానిని, మన అమ్మమ్మలు కందిపప్పుతోను చింతపండుతోను ఏనాడో సాధించిరి. మనకు వంటలో కొరత లేదు. చెప్పుటలో కొరత యున్నది. ఉప్మాలో నెయ్యి పడినదో లేదో, దోసె వెన్నతో కాల్చిరో నూనెతో కాల్చిరో, సాంబారు పోపు దేనితో పెట్టిరో అడిగినచో సూటియైన సమాధానము దొరకుట అరుదు. పొట్లములలోని వీగన్ ఆహారమునకై ఆహార భద్రతా ప్రమాణాల సంస్థవారు 2022లో నియమములు చేసి, ‘వి’ అను ఆంగ్లాక్షరముతో కూడిన ఆకుపచ్చని ప్రత్యేక గుర్తును అమలునకు తెచ్చిరి. ఆ వివేకము పొట్లము దాటి పళ్లెమువరకు రావలసియున్నది.

మన నగరముల శివారులలోను వినోదస్థలములు వెలయుచున్నవి. బడిపిల్లలతో, బంధువులతో, విదేశములనుండి వచ్చిన మనుమలతో జనులు వాటికి తరలుచున్నారు. అచటి భోజనశాలల యజమానులకు నా మనవి ఒక్కటే. కొత్త వంట వండనక్కరలేదు, కొత్త పొయ్యి కట్టనక్కరలేదు. ఉన్న వంటకముల పేర్ల ప్రక్కన, పాలును నేయియు లేనివాటికి, చిన్న ఆకు నొకదానిని గీయుడు.