విలాస తటాకములకు పూచీదారెవరు?

2024 సెప్టెంబరులో ఏలేరు పొంగి పిఠాపురము, గొల్లప్రోలు ప్రాంతముల పొలములను ముంచినది. ఏలేరు జలాశయము ప్రభుత్వముది గనుక ఎవరినడుగవలెనో రైతెఱుగును. ఒక ధనికుడు పడవ షికారునకై తన తోటలోని వాగునకు మట్టికట్ట వేసి, అది తెగినచో దిగువవారెవరినడుగవలెనని మేము ప్రశ్నించుచున్నాము.

ఈ తగవు క్రొత్తది కాదు. కార్వేటినగరము జమీందారు చెఱువులు వరదకు తెగి మద్రాసు రైలు కంపెనీ మార్గము చెడగా, అజాగ్రత్త లేనిదే జమీందారు పూచీపడడని 1874లో ప్రీవీ కౌన్సిలు తీర్పిచ్చెను. ఇంగ్లండున మిల్లు జలాశయము పొరుగు గనిలోనికి పాఱినపుడో, తప్పున్నను లేకున్నను యజమానియే నష్టమిచ్చుకొనవలెనని 1868లో తేలెను. మన చెఱువులు పురాతనములు, పంటకు ప్రాణములు. వానిని నిలుపుట జమీందారునకు విధి. ఆ మినహాయింపునకు అదియే ఆధారము. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో పిఠాపురము వంటి జమీందారీల చెఱువులు ప్రభుత్వపరమయ్యెను.

షికారు చెఱువునకు ఆ మినహాయింపు ఏ న్యాయమున చెల్లును? అలుగు చాలక నీరు కట్టపై పొరలినను, తూము ప్రక్క ఊట పుట్టి మట్టిని తొలిచినను, కట్ట తెగుట కెంతోసేపు పట్టదు. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టము ప్రైవేటు యజమానులకును వర్తించును గాని, 10 మీటర్లకు తక్కువైన కట్టలను విడిచినది. పూరిగుడిసె కొట్టుకొనిపోవుటకు నడుములోతు నీరు చాలదా?

ఈ కొఱతను మన శాసనసభ తీర్పవలెను. ప్రతి ప్రైవేటు కట్టయు యజమాని పేర నమోదు కావలెను. వానలకు ముందే ఇంజనీరు అలుగును, తూమును చూడవలెను. తోట చేతులు మాఱినపుడు పూచీయు దాని వెంటనే పోవలెను.