శాపాల దగ్గర ఆపేస్తే ఎలా?

‘మ్యాడ్ గాడ్’ అంటే పిచ్చి దేవుడు. ఈ సినిమా పేరు వినగానే విశ్వాసి మనస్సు నొచ్చుకుంటుంది. 2021లో వచ్చిన ఈ అమెరికన్ చిత్రం బొమ్మలతో తీసినదే అయినా పిల్లలకు చూపించదగినది కాదు. అడుగడుగునా రక్తం, మురికి, క్రూరత్వం. అయినా దీనిని దూషించి ఊరుకుంటే చాలదని మేము భావిస్తున్నాము. ఎందుకంటే ఇది మన బైబిలు వచనాలతోనే మొదలవుతుంది.

దర్శకుడు ఫిల్ టిప్పెట్ ‘జురాసిక్ పార్క్’కు పనిచేసి ఆస్కార్ అందుకున్న కళాకారుడు. బొమ్మను కొద్దిగా కదిపి ఒక ఫొటో, మళ్లీ కదిపి మరొక ఫొటో తీసే స్టాప్ మోషన్ పద్ధతి ఆయనది. మధ్యలో ఏళ్ల తరబడి ఆపి, మొదలుపెట్టిన సుమారు 30 ఏళ్లకు ఈ చిత్రాన్ని ముగించారు. ఇందులో మాటలు దాదాపు లేవు. ఆరంభంలో లేవీయకాండము 26వ అధ్యాయంలోని శాపవచనాలు తెరమీద కనబడతాయి. తరువాత ముసుగు ధరించిన ఒకడు పెట్టె పట్టుకొని పాతాళంవంటి లోకంలోకి దిగుతాడు. అక్కడ ముఖాలు లేని కూలీలు యంత్రాల క్రింద నలిగిపోతుంటారు. వారిని పట్టించుకునే నాథుడే లేడు.

“మన దేవుడు ఇలాంటివాడేనా?” అని యౌవనస్థులు అడిగితే ఏమి చెప్పాలి? ఆ వచనాలు బైబిలులో ఉన్నాయని ఒప్పుకొనే మొదలుపెట్టాలి. అయితే ఆ అధ్యాయం శాపాలతో మొదలు కాలేదు, శాపాలతో ముగియలేదు. 3వ వచనం నుండి సకాలంలో వర్షం, దేశంలో నెమ్మది, ప్రజల మధ్య సంచరించే దేవుడు కనబడతారు. 40వ వచనం నుండి, ప్రజలు తమ దోషాన్ని ఒప్పుకొంటే పితరులతో చేసిన నిబంధనను జ్ఞాపకం చేసుకొంటానని ఆయన సెలవిచ్చారు. శత్రువుల దేశంలో ఉన్నా వారిని విసర్జించనన్నారు. పిచ్చివాడు ముందుగా హెచ్చరించడు, ఇచ్చిన మాట గుర్తుంచుకోడు. ఈ దేవుడు రెండూ చేశారు.

ముఖంలేని ఆ కూలీల మాటేమిటి? అదే లేవీయకాండము 19వ అధ్యాయం, కూలివాని కూలిని తెల్లవారేదాకా నీయొద్ద ఉంచుకోవద్దని ఆజ్ఞాపిస్తుంది. కూలివాని ఒక్కరోజు కష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకొనే దేవుడాయన. కూలివాని ముఖం చూడకుండా పని చేయించుకొనేది మనుష్యులే. మనమూ అందుకు మినహాయింపు కాదు.

ప్రియులారా, మీ ఇంటి యౌవనస్థులు ఈ ప్రశ్నతో వస్తే గద్దించకండి. వారితో కూర్చొని ఆ అధ్యాయాన్ని 46వ వచనం వరకు పూర్తిగా చదవండి.