సర్టిఫికెట్ చెప్పని సంగతి

‘ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరు నేర్చుకున్నదేమిటి?’ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న పడగానే చాలామంది కోర్సుల చిట్టా విప్పుతారు. అమీర్‌పేట కోచింగు మొదలు ఆన్‌లైన్ సర్టిఫికెట్ల దాకా అన్నీ ఏకరువు పెడతారు. అడిగినవారికి కావలసింది అది కాదు. గతంలో ఫలానా సందర్భంలో ఏం చేశారో తరచి తరచి అడిగే ఈ పద్ధతికి బిహేవియరల్ ఇంటర్వ్యూ అని పేరు. మనిషి రేపు ఎలా నడుచుకుంటాడో నిన్నటి నడతే చెబుతుందన్న నమ్మకం దీనికి పునాది. ఆ నమ్మకం మరీ గాలిలో లేదు. 2022లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ శాకెట్ బృందం పాత పరిశోధనల లెక్కలను తిరగతోడితే, అందరినీ ఒకే ప్రశ్నలతో పద్ధతిగా అడిగే ఇంటర్వ్యూకూ (బిహేవియరల్ ఇంటర్వ్యూ సాధారణంగా ఈ కోవలోదే) తర్వాతి పనితీరుకూ సహసంబంధం 0.42గా తేలింది. తోచినట్టు అడిగేదానికి 0.19 మాత్రమే. పూర్తి సంబంధమైతే 1 ఉండాలి కనుక 0.42 జోస్యమేమీ కాదు. అయినా వారు పోల్చిన ఎంపిక పద్ధతులన్నిటిలో ముందున్నది అదే.

హైదరాబాద్‌లోనూ భారీ క్యాంపస్ ఉన్న అమెజాన్ తన 16 నాయకత్వ సూత్రాల్లో నేర్చుకోవడాన్నీ కుతూహలాన్నీ కలిపి ఒకటిగా చేర్చింది. మరి కుతూహలాన్ని కొలిచేదెలా? ఒక ఆఫీసులో నెలవారీ రిపోర్టు ఎప్పుడూ తప్పుగా వస్తోందనుకుందాం. ‘ఎప్పుడూ ఇంతే, చేత్తో దిద్దెయ్’ అంటారు పాతవాళ్లు. కొత్తగా చేరిన అమ్మాయి మాత్రం నెలలో మొదటి 12 తేదీలే తారుమారవుతున్నాయని గమనించింది. ఎందుకని తవ్వితే, కంప్యూటర్ అమెరికా పద్ధతిలో నెలను ముందు చదువుతోందని బయటపడింది. ఇందులో సర్టిఫికెట్ లేదు, ఒక ప్రశ్న వెంట నడిచిన జాడ ఉంది. ఇంటర్వ్యూలో చెప్పాల్సింది ఆ జాడనే: ఎక్కడ అనుమానమొచ్చింది, మొదట ఏం పొరబడ్డారు, చివరికి ఏం మారింది.

ఇలాంటి కథలు అల్లుకుని రాలేరా అంటే, రాగలరు. యూట్యూబ్ నిండా నమూనా జవాబులే. కానీ అల్లిన కథ రెండో ప్రశ్న దాకానే నిలుస్తుంది. ‘ముందు దేన్ని అనుమానించారు?’ అంటే నిజంగా తవ్వినవాడికి దారి తప్పిన చోట్లు కూడా గుర్తుంటాయి. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. పగలు చదువు, రాత్రి కొట్లో పని చేసే కుర్రాడికి సొంతంగా నేర్చుకునే తీరిక ఎక్కడిది? నిజమే. అయితే ఆ కొట్లో ఏ సరుకు ఎందుకు మిగిలిపోతోందని అతను వేసుకున్న లెక్కా నేర్చుకోవడమే. ఖాళీ సమయంలో ఏం చేస్తారని మాత్రమే అడిగే ఇంటర్వ్యూ బోర్డుకు అది ఎన్నటికీ కనిపించదు. అక్కడ తప్పిన పరీక్ష ఆ కుర్రాడిది కాదు.